సిడ్నీలో పాత ఫైబ్రో ఇల్లు కొనేవారికి: ఆస్బెస్టాస్ గోడల విషయంలో ఏం చూడాలి, ఏం అడగాలి, ఏం చేయాలి

సిడ్నీ పడమటి శివార్లలో, వెంట్‌వర్త్‌విల్, తూంగాబీ, పెండిల్ హిల్, సెవెన్ హిల్స్, బ్లాక్‌టౌన్ వైపు ఇల్లు వెతికే తెలుగు కుటుంబాలకు, కొంచెం అందుబాటు ధరలో కనిపించే విడి ఇళ్లలో చాలా వరకు 1950, 60 దశకాల్లో కట్టినవే ఉంటాయి. స్థలం విశాలంగా ఉంటుంది, స్టేషను దగ్గర, పెరట్లో నిమ్మచెట్టు కూడా ఉంటుంది; గోడ మాత్రం ఇటుకది కాదు, చెక్క చట్రానికి మేకులతో బిగించిన సిమెంటు పలక. ఇక్కడివారు దాన్ని ఫైబ్రో అంటారు. ఆ పలకలో ఆస్బెస్టాస్, అంటే రాతినార, ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఈ మాట చెవిన పడగానే కొందరు ఆ ఇంటి ఛాయలకు కూడా వెళ్లరు. మరికొందరు "మన ఊళ్లో సిమెంటు రేకుల కింద పుట్టి పెరిగినవాళ్లమే కదా, ఏమైంది?" అని తీసిపారేస్తారు. మొదటివారు మంచి స్థలాన్ని చేజార్చుకుంటారు, రెండోవారు ఆరోగ్యాన్ని పణంగా పెడతారు.

ఇలాంటి ఇంటిని కొనాలా వద్దా అన్నది గోడలో రాతినార ఉందా లేదా అన్నదానికన్నా, కొన్నాక ఆ గోడను మీరు ఏం చేయబోతున్నారన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పగలకుండా, రంగు చెదరకుండా నిలబడి ఉన్న ఫైబ్రో గోడ నుంచి గాలిలోకి నార విడుదల కావడం దాదాపు ఉండదు. సిమెంటు ఆ నారను పట్టి ఉంచుతుంది. దాన్ని కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, గీకినప్పుడు, విరగ్గొట్టినప్పుడు కంటికి కనిపించని నారపోగులు దుమ్ముతో కలిసి లేస్తాయి, ఊపిరితో లోపలికి పోతాయి. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ అనే జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా అనే అరుదైన, దాదాపు నయం కాని క్యాన్సర్ వీటివల్ల రావచ్చు. జబ్బు బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది కాబట్టి, "మా నాన్నగారికి ఏమీ కాలేదు" అన్న వాదనకు ఇక్కడ బలం తక్కువ. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈ వ్యాసం ప్రధానంగా న్యూ సౌత్ వేల్స్ నియమాలను అనుసరించి రాసినది. విక్టోరియా, కాన్‌బెరా పద్ధతులు ముఖ్యంగా తేడాగా ఉన్న చోట ఆ విషయం చెప్పాను.

మొదటి పని: ఇంటి వయసు తేల్చుకోవడం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆస్ట్రేలియాలో ఇటుకకూ కలపకూ కరవు వచ్చింది, ఇళ్లు లేని కుటుంబాలు పెరిగాయి. తేలికగా, చవకగా, త్వరగా కట్టగలిగే ఫైబ్రో ఆ అవసరాన్ని తీర్చింది. జేమ్స్ హార్డీ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ పరమాటా పక్కనే ఉన్న కమీలియాలో ఉండేది. న్యూ సౌత్ వేల్స్ హౌసింగ్ కమిషన్ కూడా పడమటి సిడ్నీలో వీధులకు వీధులే ఫైబ్రోతో కట్టించింది. గోడ పలకల తయారీలో రాతినార వాడకం 1980లలో ఆగిపోయింది. అన్ని రకాల ఆస్బెస్టాస్ తయారీ, దిగుమతి, వాడకాలపై దేశవ్యాప్త సంపూర్ణ నిషేధం 2003 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. కొనేవారు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది: 1980ల మధ్యకు ముందు కట్టిన ఇంట్లో రాతినార ఉన్నట్టే అనుకోవాలి, అప్పటి నుంచి 1990 వరకు కట్టినదైతే ఉండవచ్చు, 1990 తరువాతిదైతే ఉండే అవకాశం తక్కువ.

ఏజెంటు చెప్పే సంవత్సరాన్ని అలాగే నమ్మవద్దు. అబద్ధం చెబుతారని కాదు, వారికీ తరచుగా తెలియదు. సిడ్నీ ప్రాంతానికి న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ పటాల వెబ్‌సైట్లో 1943 నాటి విమాన ఛాయాచిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అప్పటికి ఆ స్థలంలో ఇల్లు ఉందో, తోట ఉందో చూడవచ్చు. కౌన్సిల్ దగ్గర నిర్మాణ అనుమతుల రికార్డులు ఉంటాయి. వాటిలో మొదట కట్టిన ఇంటి అనుమతికన్నా వెనుక గది పొడిగింపు, గ్యారేజీ, వరండా మూసివేత లాంటి తరువాతి అనుమతులే ఎక్కువ ఉపయోగపడతాయి. ఎందుకంటే ఒకే ఇంటికి మూడు వయసులుండడం ఇక్కడ మామూలు: ముందు గదులు 1956వి, వెనుక సన్‌రూమ్ 1978ది, స్నానాలగది 1994లో మార్చినది. స్నానాలగది వయసు తెలుసుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది: టాయిలెట్ సిస్టర్న్ (నీళ్ల తొట్టి) మూత ఎత్తి లోపలివైపు చూస్తే చాలాసార్లు తయారీ తేదీ అచ్చు కనిపిస్తుంది. అది సిస్టర్న్ తేదీయే తప్ప గోడ తేదీ కాదన్నది మరువవద్దు. అయినా గది చివరిసారి ఎప్పుడు మారిందో ఊహించడానికి పనికొస్తుంది.

రెండో పని: కళ్లతో చూడడం, చేత్తో ముట్టకపోవడం

శనివారం అరగంట ఓపెన్ హౌస్‌లో జనం వంటగది గురించి చర్చించుకుంటూ ఉంటారు. మీరు ఇంటి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి రండి. పాత ఫైబ్రో గోడ చదునుగా, పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. పలకా పలకా కలిసే చోట నిలువుగా సన్నని చెక్క పట్టీనో, అదే సిమెంటు పట్టీనో కప్పి ఉంటుంది. మేకుల తలలు చిన్నవిగా, చదునుగా, రంగు కింద వరుసగా కనబడతాయి. ఆ పట్టీల వరుసే దూరం నుంచి ఫైబ్రో ఇంటిని పట్టిస్తుంది.

తరువాత దెబ్బతిన్న చోట్లు వెతకాలి. తోటలో నీళ్ల కొళాయి దగ్గర, పిల్లలు బంతి ఆడే వైపు, బిన్నులు నిలిపే చోట, కారు వెనక్కి తీసేటప్పుడు తగిలే మూలల్లో పలకలు పగులుతాయి. ఏసీ గొట్టానికో, ఇంటర్నెట్ తీగకో వేసిన రంధ్రాల అంచులు చూడండి. విరిగిన అంచు దగ్గర దారపు పీచులా ఏదో బయటికి పొడుచుకొని కనిపిస్తే దాన్ని వేలితో తాకవద్దు, గోటితో గీకవద్దు. ఫోటో తీసుకొని ముందుకు సాగండి. నేల వైపు కూడా చూడాలి. ఫైబ్రో ఇళ్ల చుట్టూ మట్టిలో, పూలపాదుల్లో, ఇంటి కింద ఖాళీలో, అప్పటి పనివాళ్లు పడేసిన పలక ముక్కలు ఇప్పటికీ దొరుకుతుంటాయి. గోడ మొత్తం కొత్తగా మార్చిన ఇంట్లో కూడా మట్టిలో ముక్కలు మిగిలిపోవచ్చు.

రాతినార బయటి గోడకే పరిమితం కాదు. చూరు కింద పలకలు, స్నానాలగదిలోనూ లాండ్రీలోనూ టైల్స్ వెనుక పలకలు, పాత వినైల్ నేల అడుగు పొర, అలల ఆకారపు పైకప్పు రేకు, అదే ఆకారంలో ఉండే సూపర్ సిక్స్ కంచె, పొయ్యి పొగగొట్టం, వెనుక గ్యారేజీ, ఇవన్నీ ఒకే కాలంలో ఒకే సరుకుతో కట్టినవి. స్నానాలగదిలో పాలరాయి గీతల్లాంటి నమూనాతో మెరిసే పాత పలక కనిపిస్తే అది టైలక్స్ రకం కావచ్చు, దానిలో కూడా ఉండవచ్చు. మీటరు పెట్టె తలుపు తెరిచి చూడండి: ఫ్యూజులు బిగించిన నల్లటి, తారు వాసన వచ్చే దళసరి పలక కనిపిస్తే అందులోనూ రాతినార ఉండే అవకాశం ఉంది. సోలార్ పెట్టించాలన్నా, కారు ఛార్జర్ పెట్టించాలన్నా ఎలక్ట్రీషియన్ ముందు ఆ పలకనే మార్చాలంటాడు. ఇది పెద్ద ఖర్చు కాకపోయినా కొన్నవారిని మొదటి నెలలోనే పలకరించే ఖర్చు.

అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసింది దాచిన గోడ. పాత ఫైబ్రో మీద వినైల్ పట్టీలో, అల్యూమినియం పట్టీలో, ఉత్తుత్తి ఇటుక నమూనా పలకలో బిగించి, ముస్తాబు చేసి అమ్మే ఇళ్లు చాలా ఉన్నాయి. ఉత్తుత్తి ఇటుక పలకల్లో కొన్నిటి వెనుక పొరలో సులువుగా పొడి అయ్యే ఆస్బెస్టాస్ ఉంటుంది. అది మామూలు ఫైబ్రో కన్నా ప్రమాదకరం. గోడ కొత్తగా, ఇల్లు పాతగా ఉన్నప్పుడు కిటికీ చట్రం లోతు చూడండి. గోడ మామూలుకన్నా మందంగా ఉండి కిటికీ లోపలికి కుంగినట్టు కనిపిస్తే పాత పలక లోపలే ఉండిపోయిందేమోనని అనుమానించాలి. చూరు మూలలోనో, మీటరు పెట్టె పక్కనో కొత్త పట్టీ ఆగిపోయి పాత పలక అంచు బయటపడే చోటు సాధారణంగా ఒకటైనా ఉంటుంది.

మూడో పని: కాగితాలు

న్యూ సౌత్ వేల్స్‌లో ఇంటిని అమ్మకానికి పెట్టకముందే అమ్మేవారు కాంట్రాక్టు సిద్ధం చేసి ఉంచాలి. ఏజెంటును అడిగితే పంపుతారు. అందులో కౌన్సిల్ ఇచ్చే సెక్షన్ 10.7 ప్లానింగ్ సర్టిఫికెట్ తప్పనిసరిగా ఉంటుంది. దాన్ని మీ కన్వేయన్సర్‌తో, అంటే కొనుగోలు కాగితాలు చూసే నిపుణుడితో, కలిసి చదివేటప్పుడు లూజ్-ఫిల్ ఆస్బెస్టాస్ రిజిస్టర్ గురించిన వాక్యాన్ని విడిగా చూడమనండి. ఇది గోడ పలక సమస్య కాదు, దానికన్నా చాలా పెద్దది. 1968 నుంచి 1979 మధ్య కాన్‌బెరాలోనూ, న్యూ సౌత్ వేల్స్‌లో కొన్ని చోట్లా, మిస్టర్ ఫ్లఫీ అన్న పేరుతో జనం పిలుచుకునే వ్యాపారి ఇళ్ల అటకల్లోకి పచ్చి రాతినార పొడిని వేడి రక్షణగా ఊదించాడు. ఆ నార సందుల గుండా గదుల్లోకి దిగిపోతుంది. కాన్‌బెరా ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన పథకం కింద వెయ్యికి పైగా ఇళ్లను కొని కూల్చివేయవలసి వచ్చింది. రిజిస్టర్లో ఉన్న ఇంటి జోలికి వెళ్లవద్దు. ఈ ఒక్క సందర్భంలో నేను బేరసారాల గురించి మాట్లాడను.

తరువాత అడగవలసినది గతంలో జరిగిన పనుల రుజువులు. "పాత ఫైబ్రో తీసేసి కొత్త గోడ పెట్టాం" అని ప్రకటనలో రాసి ఉంటే, పలకలు తీసినవారి లైసెన్స్ నంబరు, పని ముగిశాక చోటు శుభ్రంగా ఉందని ఇచ్చిన క్లియరెన్స్ సర్టిఫికెట్, చెత్త కేంద్రం ఇచ్చిన రసీదు అడగండి. ఈ మూడూ ఉంటే పని సవ్యంగా జరిగినట్టు. ఏదీ లేకపోతే శనివారం సాయంత్రం ఎవరో చుట్టం సుత్తితో పగలగొట్టి సాధారణ చెత్తలో వేసి ఉండవచ్చు. అప్పుడు మట్టిలోనూ, నేల కిందా ఏం మిగిలిందో కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఇంటి స్థితిని, చెదలను చూసి ఇచ్చే బిల్డింగ్ అండ్ పెస్ట్ రిపోర్ట్ చేతికి వచ్చింది కాబట్టి ఆస్బెస్టాస్ సంగతీ చూసేశారని అనుకోవద్దు. ఏఎస్ 4349.1 అనే ఆస్ట్రేలియా ప్రమాణం కింద చేసే ఆ పరిశీలన కంటితో చూసేది మాత్రమే. ఆస్బెస్టాస్ గుర్తింపు సాధారణంగా దాని పరిధిలో ఉండదు. చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో "ఉండే అవకాశం ఉంది, ప్రత్యేక పరీక్ష చేయించుకోండి" అన్న వాక్యం ఉంటుంది, అంతే. పరిశీలనకు వచ్చే వ్యక్తిని ముందే ఫోనులో "అనుమానాస్పదమైన పలకలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటి స్థితి ఎలా ఉందో ఫోటోలతో రాసివ్వగలరా?" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అంతకన్నా లోతుగా కావాలంటే లైసెన్స్ ఉన్న ఆస్బెస్టాస్ అసెసర్‌ను పిలిపించాలి.

నాలుగో పని: పరీక్ష చేయించడం, లేదా చేయించకపోవడం

కంటితో చూసి ఏ పలకలోనైనా ఆస్బెస్టాస్ లేదని ఎవరూ చెప్పలేరు. ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే నాటా అనే సంస్థ ఆమోదం పొందిన ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుంది. తెలుపు, గోధుమ, నీలం అనే మూడు రకాల్లో ఏవి ఉన్నాయో కూడా నివేదికలో రాస్తారు. ఆస్ట్రేలియా పాత పలకల్లో తెలుపుతోపాటు మిగతా రెండూ కలిసి ఉండడం సాధారణం. నీలం రకాన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలోని విట్టెనూమ్‌లో 1966 వరకు తవ్వారు. ఆ ఊరినే తరువాత పటం నుంచి తీసేశారు. మన సిమెంటు రేకుల్లో కలిపేది తెలుపు రకం. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు తవ్వినదీ అదే. తెలుపు కూడా క్యాన్సర్ కారకమే కాబట్టి "మన రకం వేరు" అన్న ధీమాకు ఆస్కారం లేదు.

నమూనా తీయాలంటే గోడ నుంచి చిన్న ముక్క విరవాలి. ఇంకా మీది కాని గోడ మీద ఆ పని అమ్మేవారి రాతపూర్వక అనుమతి లేకుండా చేయడానికి వీల్లేదు. అనుమతి వస్తే నమూనా అసెసర్ చేతే తీయించండి: చోటును తడిపి, సన్నని ధూళిని ఆపే పి2 మాస్కు పెట్టుకొని, గోరంత ముక్క తీసి, రెండు సంచుల్లో భద్రపరచి, గుల్ల పడిన చోటును మూసి వెళతారు. ఒక్క నమూనా ఇంటి మొత్తానికి సమాధానం కాదు. ముందు గోడకు ఒకటి, వెనుక పొడిగింపుకు ఒకటి, చూరు పలకకు ఒకటి, ఇలా సరుకు మారిన ప్రతి చోటా వేరుగా తీయాలి.

నా అభిప్రాయం మాత్రం ఇది: 1958 నాటి ఇంటి అసలు గోడకు పరీక్ష డబ్బు దండగ. ఉందనే అనుకొని లెక్క వేసుకోండి. జవాబు వల్ల మీ నిర్ణయం మారే చోటే పరీక్ష చేయించండి. 1986లో వేసిన వెనుక గది, కొత్తదో పాతదో తెలియని వంటగది గోడ, మట్టిలో దొరికిన ముక్క లాంటివి అందుకు తగినవి. అమ్మేవారు నమూనాకు ఒప్పుకోకపోతే కంగారు పడవలసినదేమీ లేదు. ఉన్నట్టే భావించి ధర మాట్లాడవచ్చు.

ఐదో పని: మీ ఉద్దేశానికి ధర కట్టడం

ఈ దశలోనే కొనుగోలుదారులు తడబడతారు. మీ ఉద్దేశం ఈ మూడింటిలో ఏదో ముందు కుటుంబంలో మాట్లాడుకోండి.

ఇల్లు ఉన్నట్టే ఉంచి, రంగు వేయించి, పదేళ్లు నివసించడం మొదటిది. పలకలు దృఢంగా ఉంటే దీనికి ఆస్బెస్టాస్ ఖర్చు స్వల్పం. పగిలిన రెండు మూడు పలకలు, మీటరు పెట్టె పలక మార్పించుకుంటే సరిపోతుంది.

గోడలు మార్చి, స్నానాలగది, వంటగది కొత్తగా కట్టించుకోవడం రెండోది. ఇందులోనే ఖర్చు అంచనాలు తారుమారవుతాయి. ఇంటి చుట్టుకొలత 40 మీటర్లు, గోడ ఎత్తు 2.5 మీటర్లు అనుకుంటే 100 చదరపు మీటర్లు. తలుపులకూ కిటికీలకూ 20 తీసేసినా 80 చదరపు మీటర్ల పలక తొలగించాలి. దానికి లైసెన్స్ ఉన్నవారే కావాలి. తొలగింపు ధర ఒక్కటే చూసి తృప్తిపడితే పొరపాటు. పలక ఊడదీశాక చెక్క చట్రం బయటపడుతుంది. వాన రాకముందే కొత్త గోడ ఎక్కాలి, కిటికీల చుట్టూ నీరు దిగకుండా కొత్త కట్టుబడి కావాలి, పుచ్చిన చెక్క మార్చాలి, పని జరిగినన్ని రోజులు ఇంకో చోట ఉండాలి. దీనిలో ఒక మేలు కూడా ఉంది: చాలా ఫైబ్రో గోడల్లో వేడి, చలి ఆపే పొర ఏదీ ఉండదు, జూలై చలిలో హీటరు ఎంత తిప్పినా గది వెచ్చబడదు. గోడ తెరిచినప్పుడే ఇన్సులేషన్ బ్యాట్లు నింపించుకుంటే ఆ ఖర్చు వృథా పోదు.

పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టుకోవడం మూడోది. పడమటి సిడ్నీలో మనవారిలో చాలామంది చూపు స్థలం మీదే ఉంటుంది కాబట్టి ఇది అరుదు కాదు. కూల్చేముందు ఆస్బెస్టాస్ అంతా విడిగా తీసేయాలి. కూల్చివేత కాంట్రాక్టరు కోట్‌లో, అంటే ధర అంచనా కాగితంలో, అది చేరి ఉందో లేదో వాక్యం వాక్యం చదవండి. బిల్డరు ఇచ్చే "ఫిక్స్‌డ్ ప్రైస్" కాగితంలో స్థలం పనుల కింద ఆస్బెస్టాస్‌నూ, కలుషిత మట్టినీ మినహాయించి ఉండడం మామూలే. పునాది తవ్వేటప్పుడు మట్టిలో ముక్కలు బయటపడితే పని ఆగుతుంది, అదనపు బిల్లు మీదే.

మూడింటిలో ఏదైనా, తొలగింపుకు కనీసం ఇద్దరి దగ్గర కోట్ ఎక్స్ఛేంజ్ (సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోవడం) కాకముందే తెప్పించుకోండి. అప్పు ఇచ్చే బ్యాంకును, ఇంటి బీమా సంస్థను కూడా గోడ ఫైబ్రో అని చెప్పి షరతులేమైనా ఉన్నాయేమో రాతలో అడగండి.

ఆరో పని: సమయం చూసుకొని బేరమాడడం

న్యూ సౌత్ వేల్స్‌లో ప్రైవేటు అమ్మకానికి ఎక్స్ఛేంజ్ తరువాత మనసు మార్చుకోవడానికి 5 పనిదినాల కూలింగ్-ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపల వెనక్కి తగ్గితే ధరలో 0.25 శాతం పోతుంది. 10 లక్షల డాలర్ల ఇంటికి 2,500 డాలర్లు. అసెసర్‌ను, కాంట్రాక్టర్లను రప్పించడానికి ఆ ఐదు రోజులు చాలవు కాబట్టి ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆక్షన్‌లో కొంటే కూలింగ్-ఆఫ్ అసలు లేదు, సుత్తి పడ్డాక ఇల్లు మీదే. అందుచేత ఆక్షన్ ఇంటికి ఈ పనులన్నీ ఆ శనివారానికి ముందే పూర్తి కావాలి. మీ సొలిసిటర్ సంతకం చేసే 66డబ్ల్యూ సర్టిఫికెట్ ఇస్తే ఆ గడువును వదులుకున్నట్టే. పోటీ ఎక్కువగా ఉందని ఏజెంటు తొందరపెట్టినప్పుడు దాని అర్థం తెలుసుకొని ఇవ్వండి. విక్టోరియాలో గడువు 3 పనిదినాలే.

బేరంలో "ఆస్బెస్టాస్ ఉంది కాబట్టి తగ్గించండి" అంటే ఏజెంటు నవ్వి ఊరుకుంటాడు, ఎందుకంటే ఆ వీధిలో ఇళ్లన్నీ అలాంటివే, ధరలో ఆ సంగతి ముందే కలిసి ఉంటుంది. "వెనుక గోడలో ఆరు పలకలు పగిలి ఉన్నాయి, తొలగింపుకు ఇదిగో లైసెన్స్ ఉన్నవారి కోట్" అని కాగితం ముందు పెడితే వింటాడు. దెబ్బతిన్న పలకలూ, మట్టిలో ముక్కలూ, కాగితాలు లేని పాత పనులూ బేరానికి పనికొచ్చే విషయాలు. అమ్మేవారే తీయించి ఇస్తామంటే ఆకర్షణగా ఉంటుంది గాని, నేను ధర తగ్గింపునే కోరుకోమంటాను: వెళ్లిపోయేవారు అన్నింటికన్నా చౌకగా చేసేవారినే పిలుస్తారు. ఒప్పుకోక తప్పకపోతే, సెటిల్‌మెంట్‌కు (మిగతా డబ్బు కట్టి ఇల్లు స్వాధీనం చేసుకునే రోజుకు) ముందు లైసెన్స్ ఉన్నవారితో తొలగింపు, స్వతంత్ర వ్యక్తి ఇచ్చిన క్లియరెన్స్ సర్టిఫికెట్ అందజేత అన్న షరతును కాంట్రాక్టులో రాయించుకోండి.

ఏడో పని: గృహప్రవేశం తరువాత జాగ్రత్తలు

తాళాలు చేతికొచ్చిన వారం మనవాళ్లు చేసే మొదటి పని గుమ్మానికి తోరణం, హాల్లో దేవుడి పటాలు, టీవీ. మేకు కొట్టేది చెక్క చట్రంలోకేనా, పలకలోకా అన్నది చూసుకోండి. లోపలి గోడలు కూడా ఫైబ్రోనే కావచ్చు. పటాలకు అంటించే కొక్కేలు వాడవచ్చు, టీవీకి స్టాండు పెట్టవచ్చు. పూజగది అర కోసం డ్రిల్లు పట్టుకొని వచ్చే స్నేహితుణ్ణి ఆపండి.

గోడను కడగడానికి మెత్తని గుడ్డ, సబ్బునీరు చాలు. హై ప్రెషర్ వాటర్ గన్‌తో కొట్టడం ఆస్బెస్టాస్ పలక మీద న్యూ సౌత్ వేల్స్‌లో నేరం. ఒక్క పూటలో ఇంటినీ, పక్కింటి పెరడునూ కలుషితం చేసే పని అది. పైకప్పు నాచు తీయిస్తామని తలుపు తట్టే వారికి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీరే చెప్పండి. రంగు వేసేముందు గరుకు కాగితంతో రుద్దించవద్దు. ఊడుతున్న పాత రంగు ఉంటే నిపుణులను అడిగి, పలకను తడిగా తుడిచి, సీలర్, దాని మీద రంగు బ్రష్షుతోనో రోలరుతోనో వేయించాలి. పగిలిన చోట రాలిన పొడిని చీపురుతో ఊడ్వవద్దు, ఇంట్లో వాక్యూమ్ క్లీనరు పెట్టవద్దు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టేయాలి. ఆరు నెలలు ఉండి వెళ్లడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ ఒక్క విషయం ముందే చెప్పి పెట్టండి, ఎందుకంటే పెరట్లో విరిగిన రేకుముక్కలను ఏరి మొక్కల చుట్టూ గట్టు కట్టడం వారికి చాలా సహజమైన పని.

ప్లంబరు, ఎలక్ట్రీషియన్, ఏసీ పెట్టేవారు ఎవరు వచ్చినా పని మొదలుకాకముందు ఏ గోడ ఫైబ్రోనో చూపించండి. అసెసర్ నివేదిక ప్రతి ఒకటి మీటరు పెట్టె దగ్గర ఉంచితే ప్రతిసారీ వివరించే శ్రమ తప్పుతుంది.

ఎనిమిదో పని: తీయించేటప్పుడు

గట్టిగా ఉన్న సిమెంటు పలక 10 చదరపు మీటర్లకు మించితే బి తరగతి లైసెన్స్ ఉన్నవారే తీయాలి. చేత్తో నలిపితే పొడి అయ్యే రకం ఎంత కొంచెమున్నా ఎ తరగతి లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ నంబరును రాష్ట్ర పని భద్రతా సంస్థ అయిన సేఫ్‌వర్క్ వెబ్‌సైట్లో సరిచూసుకోండి. లైసెన్స్ కావలసిన పనికి వారు 5 రోజుల ముందు సేఫ్‌వర్క్‌కు తెలియజేయాలి. "రేపే వచ్చి తీసేస్తాం" అన్నవారిని అందుకే నమ్మకూడదు. పక్కింటివారికి తేదీ ముందే చెప్పండి, ఆ రోజు వారు కిటికీలు మూసుకుంటారు, ఉతికిన బట్టలు బయట ఆరేయరు. సరిహద్దు కంచె సూపర్ సిక్స్ అయితే వారితో కలిసి ఖర్చు పంచుకునే విషయం కూడా అప్పుడే మాట్లాడవచ్చు. సాధారణంగా చెరి సగం.

పని పూర్తయ్యాక పలకలు తీసినవారితో సంబంధం లేని వ్యక్తి వచ్చి చూసి క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది చేతికి వచ్చే వరకు చివరి వాయిదా చెల్లించవద్దు, కొత్త గోడ పనివారిని లోపలికి రానివ్వవద్దు.

10 చదరపు మీటర్లకు లోపు గట్టి పలకను ఇంటి యజమాని సొంతంగా తీయడానికి న్యూ సౌత్ వేల్స్‌లో చట్టం ఒప్పుకుంటుంది. కాన్‌బెరాలో ఆ వెసులుబాటు లేదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన చేయాలని లేదు, నన్నడిగితే ఒక్క పలకకైనా మనిషిని పిలవమంటాను. అయినా చేయదలిస్తే పి2 మాస్కు, ఒకసారి వాడి పారేసే పూర్తి ఒంటి దుస్తులు, చేతి తొడుగులు ఉండాలి. మాస్కు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం గీసుకోవాలి. పలకను సబ్బు కలిపిన నీటితో తడిపి, మేకులు లాగి, విరగకుండా మొత్తంగా దించాలి; విద్యుత్ పరికరాలు ఏవీ వాడకూడదు. దించిన పలకలను 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్‌లో రెండు చుట్లు చుట్టి, టేపు వేసి, ఆస్బెస్టాస్ అని పెద్దగా రాయాలి. ఇంటి బిన్‌లో గాని, స్కిప్ అనే పెద్ద అద్దె చెత్తతొట్టిలో గాని వేస్తే పెద్ద జరిమానా. అన్ని చెత్త కేంద్రాలూ దీన్ని తీసుకోవు. కౌన్సిల్‌కు ఫోన్ చేసి ఏది తీసుకుంటుందో, ముందుగా బుకింగ్ కావాలో కనుక్కొని, బరువు 100 కిలోలు గాని, పరిమాణం 10 చదరపు మీటర్లు గాని దాటితే పర్యావరణ సంస్థ ఆన్‌లైన్ నమోదు కూడా ఉంటుంది కాబట్టి ఆ వివరమూ అడిగి, ఆ తరువాతే పలకలను వాహనంలోకి ఎక్కించండి. అక్కడిచ్చే రసీదును ఇంటి దస్తావేజుల ఫైల్లో పెట్టండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారు అడిగేది దాన్నే.